బాసి జాడీకి కాపలా

మా ఇంట్లో సారా కాస్తారని మా వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకోనీ. సారాకీ కల్లుకీ తేడా తెలియని నోళ్ళకు తాళాలు వెయ్యడం నా పని కాదు. మా ఇంట్లో ఉన్నది బాసి. చెరకు రసం బాగా కాచి, చల్లార్చి, జాడీలో పోసి, మూతి బిగించి, నెలల తరబడి ముట్టుకోకుండా వదిలేస్తే తయారయ్యేది. ఫిలిప్పీన్స్ దేశంలో ఉత్తరపు కొసన ఇలొకోస్ అనే సీమ ఉంది. అక్కడివాళ్ళు పుట్టుకకీ పెళ్ళికీ చావుకీ దాన్నే పోసుకుంటారు. అది బొమ్మనహళ్ళిలో మా నడవలోకి ఎట్లా వచ్చిందని అడిగితే చెప్తాను. అడక్కపోయినా చెప్తాను.

హోసూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగితే, గార్మెంట్ ఫ్యాక్టరీల వెనక వీధి మాది. ఇంటి ముందు చెరకు రసం మిషను, మా ఆయన పెట్టిన అంగడి. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. షిఫ్టు వదిలే వేళకు ఆడపిల్లలు గుంపుగా వచ్చి, నిలబడే తాగి, బస్సు కోసం పరిగెత్తుతారు. మా పెద్దలు ఎప్పుడో చిత్తూరు వైపు నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కోపం వస్తే రెండూ. ఇంట్లో కింద భాగం మా ఆయనది, పైన భాగం మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. ఏ గోడ ఎవరిదో నోటి మాట మీదే నడుస్తోంది. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. అది కూడా బావగారికి కంట్లో నలుసే.

మా తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. అక్కడ ఒక ఇంట్లో పిల్లల్ని సాకే పనిలో ఉన్న ఇలొకోస్ అమ్మాయిని ఇష్టపడి చేసుకున్నాడు. మాకు చెప్పింది చేసుకున్నాకే. ఒక సెలవుకు తీసుకొచ్చి, "అక్కా, నువ్వే చూసుకోవాల" అని నా చేతిలో పెట్టి, సెలవు ముగియగానే విమానం ఎక్కేశాడు. మగవాళ్ళకు ఇంత సులువుగా ఎట్లా కుదురుతుందో ఈ పనులన్నీ!

మా అమ్మ ఆ పెళ్ళిని పెళ్ళి అనలేదు. "నేను చూడని పెండ్లి పెండ్లి ఎట్లయితాది?" అనేది. అన్నం పెట్టేది, జ్వరం వస్తే మిరియాల కషాయం కాచి ఇచ్చేది, తలకు నూనె కూడా అంటేది. కానీ కోడలని మాత్రం అనదు. "ఆ పిల్ల తినిందా? ఆ పిల్ల యాడికి పోయింది?" అంతే. మరదలు తెలుగు నేర్చుకుని వచ్చింది. కువైట్‌లో కడప వాళ్ళ మధ్య నేర్చిన తెలుగు కాబట్టి మా మాటకు దగ్గరగానే ఉంటుంది. ఆ పిల్ల అంటే తానేనని ఆమెకు తెలుసు. తెలిసీ "అత్తమ్మా, తిన్నా" అని బదులిచ్చేది.

వచ్చిన ఏడాదికి ఆమె నాన్న పోయాడు. వీసా పొడిగింపు కోసం ఇచ్చిన ఆమె పాస్‌పోర్టు ఆఫీసులో చిక్కుకుని ఉంది. ఎంత బతిమాలినా సమయానికి బయటికి రాలేదు. నాన్నను మట్టిలో పెట్టడం ఆమె మా అంగట్లో, చెరకు గడల కట్ట మీద కూర్చుని, ఫోనులో చూసింది. నేను గిరాకీ మొత్తం ఆపేసి పక్కన కూర్చున్నాను. నాకు ఆ భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపు మాత్రం అర్థమయింది.

ఆ తర్వాత రోజుల్లో ఆయన గురించి కొంచెం కొంచెంగా చెప్పింది. ఆయన బాసి కాచి అమ్ముకునేవాడట. దున్నపోతు తిప్పే గానుగలో చెరకు ఆడి, పెద్ద ఇనుప బాణలిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాచేవాడట. ఇంటి కింద వరసగా మట్టి జాడీలు. రోడ్డు పక్క బల్ల మీద సీసాలు పెడితే బస్సులు ఆగేవట. తర్వాత షావుకార్లు వచ్చారు. జాడీలకు జాడీలు చవగ్గా ఎత్తుకుపోయి, చక్కెర నీళ్ళు కలిపి, రంగు పోసి, అందమైన చీటీలు అంటించి టూరిస్టులకు అమ్మేవాళ్ళట. ఒకడు ఈయన్నే అడిగాడట, చక్కెర కలిపి తొందరగా తయారు చేసివ్వు, నీకూ నాకూ లాభమే అని. "చెరకు చెయ్యాల్సిన పని చక్కెరతో చేయించను" అని పంపించేశాడట. బుద్ధిమంతుడు. బుద్ధిమంతులు ఎక్కడైనా లాభపడ్డారా? ఊళ్ళో కుర్రాళ్ళు బీరుకూ జిన్నుకూ మరిగారు. కొడుకులు ఒకడు ఓడల్లోకి, ఒకడు హాంకాంగ్‌కు పోయారు. ఆయన పోయిన నెలకే జాడీలు అమ్మేశారు.

అమ్మకపు జాడీలు ఎన్ని పెట్టినా, ఏటా ఒక జాడీ మాత్రం ఆయన పక్కన పెట్టేవాడట. అది ఇంట్లో పోయినవాళ్ళది. మన పక్క పెద్దలకు పెట్టినట్టే, వాళ్ళూ పోయినవాళ్ళకు పళ్ళెం పెడతారు. పిండివంట, తమలపాకు, వక్క, పొగాకు, గిన్నెడు బాసి. ఏడాది తిరిగిన రోజున పెట్టేది అన్నిటికంటే ముఖ్యం. ఆ రోజుతో మైల తీరిపోతుంది, పోయినవాడు తృప్తిగా వెళ్ళిపోతాడు.

"నా అన్నలు షాపులో కొని పోస్తారంట వదినా," అంది మరదలు. "రంగు నీళ్ళు. ఆయన జన్మంతా అది తాగలా. చచ్చినాక తాగాల్నా?"

ఆ మాట నా గుండెల్లో కుచ్చుకుంది. జీవితమంతా ఒక పని నిక్కచ్చిగా చేసినవాడికి చివరికి దాని దొంగ సరుకు పొయ్యడమంటే, అంతకంటే అవమానం ఉందా?

"మనమే పెడదాం. చెరకు నా దగ్గర లేదా ఏం?" అన్నాను.

చట్టం నాకు తెలియదనుకోకండి. తెలిసిన వకీలు ఒకాయన రసం తాగడానికి వస్తే అడిగాను. అమ్మితే జైలు, పెట్టుకున్నా చిక్కే అన్నాడు. మా వీధి మొదట్లో ఒక వైన్ షాపు, చివర్లో ఒకటి, మధ్యలో నిలబడి తాగే బారు. అవన్నీ సక్రమం. కూతురు తండ్రికి గిన్నెడు పొయ్యాలనుకుంటే చిక్కు. ఆ చిక్కేదో నా మెడకే చుట్టుకోనీ అనుకున్నాను. అమ్మం, ఎవరికీ పొయ్యం, ఆయనకు తప్ప.

మండ్య నుంచి వచ్చే లోడులో మంచి గడలు నేనే ఏరాను. అల్లం, నిమ్మకాయ ఏవీ తగలకుండా మిషను మూడుసార్లు కడిగాను. నాకు తెలిసింది చెరకు. ఆమెకు తెలిసింది ఆ తర్వాతది. పెరట్లో రాళ్ళు పేర్చి, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే బాణలి తెచ్చి, పొద్దున్నే మొదలుపెట్టాం. నురగ తీస్తూనే ఉండాలి. రసం తేనె రంగుకు వచ్చి వాసన మారేదాకా ఆమె పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. వాళ్ళ సీమలో అందులో ఒక అడవి చెట్టు కాయలు వేస్తారట. అవి ఇక్కడ దొరకవు. అవి లేకపోతే నేరేడు చెక్క వెయ్యవచ్చని నాన్న చెప్పేవాడట. నేరేడుకు బెంగళూరులో ఏం కొరత? పులియబెట్టడానికి బియ్యప్పిండి బిళ్ళలు కావాలి. వాళ్ళ అక్క ఎండుచేపల మధ్య దాచి పార్సిలు పంపింది. మా అమ్మ అవి ఏవో వడియాలనుకుని నూనె కాగబెట్టబోయింది. సరిగ్గా సమయానికి చూశాం కాబట్టి సరిపోయింది.

రసం గోరువెచ్చగా అయ్యాక అమ్మ ఆవకాయ జాడీల్లో పెద్దదాన్ని అడిగాను. మారు మాట్లాడకుండా ఇచ్చింది. రసం పోసి, బిళ్ళలు పొడి చేసి చల్లి, నేరేడు చెక్క వేసి, అరటాకు కప్పి, గుడ్డ కట్టి మరదలు దణ్ణం పెట్టుకుంది. "ఇంక దీన్ని మరిచిపోవాల వదినా. నేను చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు," అంది.

నాకు చెప్పింది. అమ్మకు చెప్పలేదు. అక్కడే వచ్చింది తంటా.

మూడో రోజు నేను గిరాకీలో ఉన్నాను. మరదలు మార్కెట్టుకు పోయింది. తిరిగొచ్చి నడవలోకి అడుగుపెట్టినామె అక్కడే నిలబడిపోయింది. నేను లోపలికి తొంగిచూశాను. జాడీకి గుడ్డ లేదు, అరటాకు లేదు. అమ్మ తలంటు పోసుకుని, తడి జుట్టు ముడేసి, పొడి గరిటెతో జాడీని అడుగు నుంచి పైకి తిరగకలుపుతోంది.

"అమ్మా! ఏం చేస్తాండావు?" అని అరిచాను.

"ఏంది అట్ల అరుస్తావు? మూడో దినం కదా. తిరగకలపకుంటే బూజు పట్టదా?" అంది నింపాదిగా. "మీకు యాడ జ్ఞాపకముంటాది. జాడీ పెట్టేసి మరిచిపోయినారు ఇద్దరూ."

జాడీ అంటే మా అమ్మకు ఒకటే లెక్క. పెట్టిన మూడో రోజు స్నానం చేసి, తడి తగలకుండా, మూత తీసి, కింది నుంచి పైకి కలపాలి. తన చేతి మీదుగా పోయిన ప్రతి ఆవకాయకూ చేసింది. తెలుగు ఇంట్లో పుట్టిన ఏ ఆడది అయినా అదే చేస్తుంది. చెయ్యకపోతేనే తప్పు.

కానీ బాసికి గాలి తగిలిందంటే పులుపు తిరుగుతుంది. కలిపితే ఇక చెప్పే పనే లేదు. మరదలు వంగి వాసన చూసింది. నేల మీద కూలబడింది. "పోయింది వదినా. ఇది సుక అయితాది," అంది. సుక అంటే వాళ్ళ భాషలో వెనిగరు. బిళ్ళల్లో సగం మిగిలున్నాయి. ఏడాది తిరగడానికి వ్యవధి కూడా ఉంది, కానీ ఇది కూడా పాడైతే ఇంకో జాడీకి బిళ్ళలు లేవు.

నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను. నోటికి ఎంత వస్తే అంత అన్నాను. నీకు ఆ పిల్ల మీద కడుపులో ఇంత విషం ఉందా అని కూడా అన్నాను. అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. మరదలే లేచి నన్ను ఆపింది.

"వదినా, చూడు. అత్తమ్మ తల స్నానం చేసింది. ఒంటి మీద ఉతికిన చీర. విషం పెట్టేవాళ్ళు ఇంత మడిగా వస్తారా?"

నిజమే. ఇంట్లో పనికిరాని జాడీ అనుకుంటే అమ్మ దాని వంక కూడా చూసేది కాదు. ఆ జాడీ తన వాళ్ళదని అనుకున్నది కాబట్టే మూడో రోజు లెక్కపెట్టుకుని ఎదురుచూసింది.

రెండో జాడీ పెట్టాం. ఈసారి అమ్మే పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, ఎప్పుడు ఏం వెయ్యాలో, ఎందుకు వెయ్యాలో ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుంది. మూతి కట్టాక పీటను జాడీ పక్కకు జరుపుకుంది. అప్పటి నుంచి అమ్మ బియ్యం ఏరేదీ, కూరగాయలు తరిగేదీ, మధ్యాహ్నం కునుకు తీసేదీ అక్కడే. నేను పొరపాటున చెయ్యి వేసినా, "ముట్టుకోవద్దు మే! గాలి తగిలితే చచ్చిపోతాది," అని గదమాయించేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, బాసి గురించి నిన్న నేర్చుకున్నది మాకే పాఠం చెప్పేది.

మొదటి జాడీ మరదలు చెప్పినట్టే పుల్లబడింది. పారబొయ్యలేదు. వెనిగరుకు ఏ చట్టం అడ్డం? ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు అందులో వేసి రుచి చూపిస్తే, హెబ్బగోడి వైపు గదుల్లో ఉండే ఈశాన్య రాష్ట్రాల పిల్లలు సీసాలు పట్టుకుని వచ్చారు. మహదేవపురలో ఏదో కొత్త కంపెనీలో పనిచేసే ఒక తెలుగు కుర్రాడికి కూడా ఎవరో చెప్పారు. కారులో వచ్చి రెండు సీసాలు కొన్నాడు. నడవలో ఉన్న జాడీని చూశాడు. అది ఏమిటో మరదలు అమాయకంగా చెప్పేసింది.

"ఆంటీ, దిస్ ఈజ్ నెక్స్ట్ లెవెల్!" అన్నాడు కళ్ళు పెద్దవి చేసి. "ఆ జార్ నాకిచ్చేయండి. లైసెన్సు, బ్రాండింగ్ అన్నీ మేం చూసుకుంటాం. స్టోరీ ఆల్రెడీ సూపర్‌గా ఉంది. ఫాదర్ డెత్, ఫారిన్ డాటర్, బెంగళూరు..."

"మా ఇంటి చావు నీకు స్టోరీనా నాయనా?" అన్నాను.

పాపం, వాడి మొహం మాడిపోయింది. చెడ్డవాడేం కాదు. మరదలు వాడికి ఒక గ్లాసు చెరకు రసం ఇచ్చి, "తమ్ముడూ, ఇది అమ్మే జాడీ కాదు. మా నాయనది," అని పంపించింది. వాడు మర్యాదగానే వెళ్ళాడు. కానీ ఆ మాటలు పై మెట్ల మీద నుంచి విన్నవాళ్ళు విన్నారు.

ఆ సాయంత్రమే బావగారు కిందికి దిగారు. ఆయన గుడి కమిటీలో పెద్ద మనిషి. నుదుటి మీద బొట్టు ఎప్పుడూ చెరగదు. చీకటి పడే వేళకు నిలబడి తాగే బారులో మూలకు తిరిగి ఒక క్వార్టరు పుచ్చుకుంటారన్నది వీధిలో కుక్కలకు కూడా తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తనను ఎవరూ చూడటంలేదనే ఆయన నమ్మకం.

"ఏమ్మా, ఇంట్లో సారా కాస్తాండారంట?"

"సారా కాదు బావా. ఈ పిల్ల నాయన సంవత్సరీకానికి పెట్టుకున్నాది."

"ఏదైతే ఏంది? మత్తెక్కేదే కదా. నేను గుడి కమిటీలో ఉండేవాణ్ణి. నా మొహం యాడ పెట్టుకోవాల?"

"మత్తు సంగతి తెలిసినోళ్ళు చెప్పాల బావా, నాకేం తెలుసు?"

"అంటే? నేనేమన్నా ఇంట్లో కాస్తానా? యాడో బయట, ఎవరికీ ఇబ్బంది లేకుండా..." అని నాలుక కరుచుకున్నారు. నేను ఆయన పేరు కూడా ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నాకు నవ్వాగలేదు. నవ్వేశాను. ఆ నవ్వే ఆయనకు కాలింది.

"నవ్వుతావా! పుట్టింటోళ్ళనంతా తెచ్చి నా తమ్ముని ఇంట్లో పెట్టుకుంటివి, ఊరుకుంటి. ఏ దేశమో తెలీని దాన్ని తెచ్చి పెట్టుకుంటివి, ఊరుకుంటి. ఇంక ఊరుకోను. అంగడి ముందర జాగా నా పాలు. జాడీ పారబోస్తావా, మిషను తీస్తావా? అమావాస్యలోపల తేల్చు." అంటూ నడవలోకి వచ్చి జాడీ వైపు చెయ్యి చాపారు.

మా అమ్మ పీట మీద నుంచి లేవలేదు. ముందర వంకాయలు తరిగే కత్తిపీట. "ఏమప్పా, నా జాడీ అది," అంది. "ముట్టుకుంటివా, చెయ్యి ఇరగ్గొడతా."

నా జాడీ! నా చెవులను నేనే నమ్మలేదు. బావగారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మరదలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"బావగారూ, మా సీమలో ముందు కాలంలో స్పెయిన్ దొరలు ఇదే చెప్పినారు. ఇంట్లో బాసి కాయొద్దండి, మా అంగట్లో కొనండి అని. మావాళ్ళు తిరగబడినారు. ఏటి ఒడ్డున చానామంది చచ్చిపోయినారు. అయినా కాచడం మానలేదు. మా నాయన అది చెప్పి చెప్పి నన్ను పెంచినాడు."

"ఇది మీ సీమ కాదు," అన్నారు బావగారు. మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మా తమ్ముడికి అప్పటికే ఎవరో చెప్పారు. ఫోను చేశాడు. "అక్కా, గలాటా ఎందుకు, పారబోసెయ్యండి. నేను వచ్చినప్పుడు మంచి సీసా ఒకటి తెస్తాలే," అన్నాడు. "నీ మామకు పోసేదానికి నువ్వు సీసా తెస్తావా? ఆయన పోయినాడని తెలిసిన దినం నువ్వు ఎంతసేపు ఏడ్చినావురా?" అన్నాను. ఫోను పెట్టేశాను.

అంత మాట అన్నానే గానీ, లోపల భయంగానే ఉంది. అంగడే నా అన్నం. మా ఆయన జాగా చూసి, మిషను బిగించి, నాకు అప్పజెప్పి పోయిన బతుకుతెరువు. మరదలికీ ఇది తెలుసు. ఉదయం లేచేసరికి ఆమె జాడీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ ముడి విప్పబోతోంది. అమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఉంది.

"వదినా, నేను పారబోస్తా," అంది నన్ను చూసి. "నా వల్ల మీ అంగడి పోకూడదు. నాయనకు చెప్పుకుంటాలే, అర్థం చేసుకుంటాడు."

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. బతికున్నన్నాళ్ళూ షావుకార్లకు తలొంచని మనిషి, చచ్చాక మా బావగారికి తలొంచాలా? అదీ ఆయన కూతురి చేతుల మీదుగా?

"ముడి కట్టు," అన్నాను. "మిషను తీస్తాను. జాడీ మాత్రం తీసేది లేదు."

తీశాను. నలుగురు మనుషుల్ని పెట్టి, బోల్టులు ఊడదీయించి, మా ఆయన బిగించిన మిషనును తోపుడు బండి మీదికి ఎక్కించి, హోసూరు రోడ్డు మీద మెట్రో పిల్లరు పక్కకు తోయించాను. బండి కదులుతుంటే ఏడుపు వచ్చింది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూస్తోంది. కన్నీళ్ళు తుడుచుకోలేదు. చూడనీ. ఎండ, దుమ్ము, పోలీసుల విజిళ్ళు, వాన పడితే టార్పాలిన్ పట్టుకుని నిలబడటం. గిరాకీ తగ్గింది. కాదనను. కానీ గార్మెంట్ పిల్లలు వెతుక్కుంటూ వచ్చారు. "ఏం ఆంటీ, ఇక్కడికి వచ్చేశారు?" అంటే, "ఇంట్లో చుట్టం ఉండాడు, జాగా చాల్లేదు," అనేదాన్ని.

వీధిలో ఆడవాళ్ళు కొందరు మా గడప తొక్కడం మానేశారు. బావగారి ఇంట్లో శుభకార్యానికి మమ్మల్ని పిలవలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. నేనూ తిప్పుకున్నాను. మెడ నొప్పి ఆయనకొక్కరికే ఎందుకు రావాలి?

ఏడాది తిరిగింది. ఆ ఉదయం మరదలు జాడీ మూతి విప్పింది. అమ్మా నేనూ చెరో పక్క వంగాం. పుల్లబడితే ఇక చేసేదేమీ లేదు. ఆమె గరిటె ముంచి, కొంచెం నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుంది.

"చెప్పవే తల్లీ, నా ప్రాణం పోతాండాది," అంది అమ్మ.

"అదే అత్తమ్మా," అంది మరదలు. "మా నాయనదే."

ముదురు ఎరుపు రంగు. నేనూ నాలుక మీద వేసుకుని చూశాను. ముందు తీపి, వెనక చేదు, చివర్లో నేరేడు వగరు. నచ్చిందని అబద్ధం చెప్పను. కానీ అందులో రంగు నీళ్ళు లేవు.

పళ్ళెం పెట్టాం. బియ్యప్పిండితో ఆమె చేసిన వంట, తమలపాకు, వక్క. పొగాకు బదులు అమ్మ ఒక బీడీ కట్ట తెచ్చి పెట్టింది. ఆయన ఫోటో లేదు, ఫోనులో ఉన్నదాన్నే గోడకు ఆనించాం. నేను లేచి వీధి తలుపు మూశాను. ఎందుకొచ్చిన గొడవ, ఈ ఒక్కరోజు ప్రశాంతంగా జరిగిపోనీ అని. అన్ని రోజులు కొట్లాడినదాన్ని, ఆ రోజు నాకే భయం వేసింది.

గిన్నె నింపి మరదలు నా వైపు తిరిగింది. "మా ఇంట్లో మొదటి గిన్నె పెద్దవాళ్ళు గడప ముందర నేల మీద పోస్తారు వదినా. పెద్దవాళ్ళు పోస్తేనే తీసుకుంటాడు," అని చిన్నగా చెప్పింది. ఇద్దరం అమ్మ వైపు చూడలేదు. ఆ పెళ్ళిని పెళ్ళి అనని మనిషిని ఆ పెళ్ళికూతురి తండ్రికి పొయ్యమని ఏ మొహంతో అడుగుతాం? నేను పోస్తాలే అని చెయ్యి చాపాను.

అమ్మ నా చెయ్యి తోసేసింది. మోకాళ్ళ మీద చెయ్యి ఊని లేచి, రెండు చేతులతో గిన్నె అందుకుంది. వీధి తలుపు వైపు చూసి ఆగింది.

"తలుపెవరు మూసింది?"

"నేనే అమ్మా. ఎవరన్నా చూస్తే..."

"తెరువు మే. రెండు రెక్కలూ తెరువు. వియ్యంకునికి తలుపేసుకుని పోస్తారా ఎవరన్నా?"

తెరిచాను. ఎదురింటి వాళ్ళు వాకిట్లో ఉన్నారు. పై మెట్ల మీద బావగారు చెప్పులు తొడుక్కుంటూ ఆగిపోయారు. అమ్మ గడప దగ్గర నిలబడి, కొంగు సర్దుకుని, గిన్నె వంచింది. ఎర్రటి బాసి మెట్టు మీద నుంచి వీధిలోకి జారింది. అమ్మ గొంతు వీధి చివరి దాకా వినపడేంత పెద్దగా లేచింది.

"తాగన్నా! పెండ్లికి నిన్ను పిలవలా, తప్పు మాదే. నీ కూతురు నా కోడలు. నా ఇంట్లోనే ఉండాది."